కొత్త లేయర్ ఎప్పుడు పెట్టాలి? మాస్క్ ఎందుకు, ఇరేజర్ చాలదా?

ప్రశ్న

కొన్ని నెలలుగా గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫోటోలు సరిదిద్దడం నేర్చుకుంటున్నాను. ప్రస్తుతం ఒక పాత నలుపు తెలుపు ఫోటోను స్కాన్ చేసి బాగుచేసే పని పెట్టుకున్నాను. అందులో నలుగురు వరుసగా నిలబడి ఉన్నారు. ఫోటోను ఎప్పుడో మడిచి దాచడం వల్ల ఒక తెల్లని గీత అడ్డంగా ఇద్దరి ముఖాల మీదుగా పోయింది. ఎడమ చివర ఉన్న వ్యక్తి ముఖం బాగా నీడలో పడింది. వెనుక గోడ మీద లెక్కలేనన్ని చిన్న మచ్చలున్నాయి.

లేయర్లంటే ఒకదానిపై ఒకటి పరిచిన పారదర్శకమైన కాగితాల వంటివని చదివిన ప్రతిచోటా చెప్పారు. ఆ మాట వరకు నాకు అర్థమైంది. అయితే పనిలోకి దిగేసరికి ఆ పోలిక ఎక్కడికీ తీసుకుపోవడం లేదు. ప్రతి చిన్న మార్పుకూ ఒక లేయర్ పెట్టుకుంటూ పోతే పంతొమ్మిది లేయర్లు తేలాయి, వాటిలో ఏది ఏ పని కోసం పెట్టానో నాకే గుర్తు లేదు. కొన్నిసార్లు బ్రష్ ఎంత రుద్దినా గీత పడదు. ఇరేజర్‌తో చెరిపితే కింది లేయర్ కనిపించవలసిన చోట తెల్లరంగు వస్తుంది. ఒకసారి పని ముగించి జేపెగ్‌గా భద్రపరచి, మరునాడు తెరిస్తే లేయర్లన్నీ ఒకటైపోయి ఉన్నాయి. ఆ తప్పు నాదేనని తరువాత తెలిసింది.

నా అసలు ప్రశ్నలు రెండు. కొత్త లేయర్ ఎప్పుడు అవసరమో, ఎప్పుడు ఉన్న లేయర్ మీదనే పని చేయవచ్చునో నిర్ణయించుకోవడం ఎలా? ఇరేజర్‌తో చెరిపినా, మాస్క్‌తో దాచినా తెర మీద కనిపించే ఫలితం ఒకటే అయినప్పుడు, మాస్క్ కోసం అంత శ్రమ ఎందుకు?

జవాబు 1

మొదటి ప్రశ్నకు నేను వాడే కొలత ఒక్కటే. ఈ మార్పును, మిగిలినవాటిని కదపకుండా, రేపు ఒక్కదానినే తీసివేయవలసి రావచ్చునా, లేదా తగ్గించవలసి రావచ్చునా అని నన్ను నేను అడుగుతాను. రావచ్చు అనిపిస్తే అది వేరే లేయర్. లేదంటే ఉన్న లేయరే చాలు. మీ ఫోటోకే దీనిని వర్తింపజేసి చూడండి. గోడ మీది మచ్చలలో మూడవ మచ్చను ఉంచి నాలుగవ దానిని తీసివేయాలని ఎవరికీ అనిపించదు కాబట్టి వాటన్నిటికీ కలిపి ఒకే లేయర్ సరిపోతుంది. ముఖాల మీదుగా పోయిన మడత గీత సంగతి వేరు. కన్ను, ముక్కు దగ్గర చేసిన మరమ్మతు ఇవాళ బాగున్నట్లు కనిపించి, రేపు చూస్తే మనిషి పోలికే మారినట్లు అనిపించవచ్చు; అందువల్ల దానికి ప్రత్యేకమైన లేయర్ కావాలి. నీడలో ఉన్న ముఖానికి వెలుగు పెంచడం మూడవది. అడుగున, చేయి తగలని అసలు స్కాన్. మొత్తం నాలుగు. పంతొమ్మిది ఎలా వచ్చాయో నేను ఊహించగలను, ఎందుకంటే నేర్చుకునే రోజుల్లో నేనూ ప్రతి బ్రష్ గీతకూ ఒక లేయర్ పెట్టేవాడిని.

ఆ నాలుగింటికీ పేర్లు పెట్టండి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టే పేర్లతో పని నడిపితే ఒక వారం తరువాత మీ ఫైలు మీకే పరాయిదవుతుంది.

పారదర్శకమైన కాగితాల పోలిక తప్పు కాదు, అసంపూర్ణం. ఆ పద్ధతి కంప్యూటర్ల కంటే చాలా పాతది. బొమ్మల చిత్రాల కోసం కదిలే బొమ్మను పారదర్శకమైన సెల్యులాయిడ్ మీద గీసి, కదలని నేపథ్యం మీద పరిచే విధానానికి ఎర్ల్ హర్డ్ 1914లోనే పేటెంటు కోసం దరఖాస్తు చేశాడు. అయితే సెల్యులాయిడ్ తన కింద ఉన్నదానిని కప్పడమో, కనిపించనివ్వడమో తప్ప మరొకటి చేయలేదు. సాఫ్ట్‌వేర్‌లోని లేయర్ కింద ఉన్న ప్రతి పిక్సెల్ (చిత్రంలోని ఒక్కొక్క చుక్క) విలువను, అంటే 0 నలుపు, 255 తెలుపు అయిన అంకెను చదివి, దానితో లెక్క కట్టగలదు. ఆ లెక్క కట్టే పద్ధతినే మోడ్ అంటారు. ఉదాహరణకు మల్టిప్లై మోడ్‌లో పై విలువను కింది విలువతో గుణించి 255తో భాగిస్తుంది. రెండు చోట్లా 128 ఉంటే ఫలితం 64 వస్తుంది, అంటే చిత్రం ముదురుతుంది. పై లేయర్‌లో తెలుపు ఉన్నచోట కిందిది మారకుండా ఉండిపోతుంది. కాగితాన్ని ఊహించుకున్నంతసేపు ఈ మోడ్‌లు వింతగానే ఉంటాయి. లేయర్‌ను కింది చిత్రానికి వర్తించే ఒక సూచనగా ఊహించుకుంటే ఆ వింత పోతుంది.

ఇక మాస్క్. ఇరేజర్‌తో చెరిపిన పిక్సెల్‌ను తిరిగి తేవడానికి సాధారణంగా అన్‌డూయే దారి, ఆ అన్‌డూ చరిత్ర ఫైలును మూసిన క్షణాన పోతుంది. మాస్క్ దేనినీ చెరపదు. అది లేయర్‌కు తగిలించిన మరొక నలుపు తెలుపు చిత్రం మాత్రమే: అందులో తెలుపు ఉన్నచోట లేయర్ కనిపిస్తుంది, నలుపు ఉన్నచోట కనిపించదు, మధ్యస్థమైన బూడిద రంగు ఉన్నచోట సగం కనిపిస్తుంది. నల్ల బ్రష్‌తో ఎక్కువ దాచేశాననిపిస్తే తెల్ల బ్రష్ తీసుకుని అదే చోట రుద్దితే దాగినది తిరిగి వస్తుంది.

అయితే మాస్క్ బలం వెనక్కి తీసుకోగలగడంలో మాత్రమే ఉన్నదనుకోవడం నాకు చాలా కాలం ఉన్న అపోహ. మాస్క్ కూడా ఒక చిత్రమే కనుక చిత్రానికి చేయగలిగిన పనులన్నీ దానికీ చేయవచ్చు. ముఖం చుట్టూ అంచు కత్తిరించినట్లు కనిపిస్తే మాస్క్‌ను ఎంచుకుని గౌసియన్ బ్లర్ (మసకబరిచే ఫిల్టర్) ఇస్తే అంచు మెత్తబడుతుంది. ప్రభావం ఒక వైపు నుంచి మరొక వైపుకు క్రమంగా తగ్గాలంటే మాస్క్ మీద నలుపు నుంచి తెలుపుకు గ్రేడియెంట్ లాగితే చాలు. మాస్క్‌కు కర్వ్స్ (వెలుగు నీడలను మార్చే సాధనం) వేసి దాచిన ప్రాంతాన్ని కొద్దిగా పెంచవచ్చు, తగ్గించవచ్చు. చిత్రపు నలుపు తెలుపు నకలునే మాస్క్‌గా పెడితే వెలుగు ఉన్న భాగాలకే మార్పు వర్తిస్తుంది. దానిలో నలుపును తెలుపుగా, తెలుపును నలుపుగా తిరగవేస్తే నీడలకే వర్తిస్తుంది. మీ ఫోటోలో నీడ పడిన ముఖానికి ఈ చివరి ఉపాయం బాగా పనికివస్తుంది, ఎందుకంటే చెంప మీద ఇప్పటికే ఉన్న కాస్త వెలుగును పాడుచేయకుండా కంటి గుంటలలోని చీకటిని మాత్రమే తేలిక చేయవచ్చు. ఇరేజర్‌తో వీటిలో ఒక్కటీ సాధ్యం కాదు.

నేను ఎక్కువగా ఫోటోషాప్ వాడతాను. అక్కడైతే వెలుగు పెంచడానికి కర్వ్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెట్టి, దాని మాస్క్‌ను నల్లగా నింపి, ముఖం మీద మాత్రం తెల్ల బ్రష్ వేయమనేవాడిని. గింప్‌లో మెనూ పేర్లు కాస్త వేరుగా ఉండవచ్చు.

జవాబు 2

బ్రష్ పడకపోవడం గురించి మాత్రం చెబుతాను. ఈ ఇబ్బందికి చాలాసార్లు కారణం ఎక్కడో మిగిలిపోయిన సెలెక్షన్, అంటే పని చేయడానికి హద్దు గీసి ఎంచుకున్న భాగం. ముందు చేసిన చిన్న సెలెక్షన్‌ను తీసివేయడం మరచిపోతే, చిత్రాన్ని పెద్దది చేసి మరొక మూల చూస్తున్నప్పుడు దాని చుక్కల గీత కంటికి కనిపించదు, బ్రష్ మాత్రం ఆ గీత వెలుపల పనిచేయదు. లేయర్ మార్చినా సెలెక్షన్ మారదు. కాబట్టి అన్నిటికంటే ముందు సెలెక్ట్ నన్ చేయండి. అది కాకపోతే మీరు గీస్తున్నది కింది లేయర్ మీద కావచ్చు, పై లేయర్ దానిని కప్పుతూ ఉండవచ్చు. అదీ కాకపోతే లేయర్ పక్కనున్న మాస్క్ ఎంపికై ఉండవచ్చు. ఇప్పటికే నల్లగా ఉన్న మాస్క్ మీద నల్ల బ్రష్ ఎంత రుద్దినా ఏమీ మారదు కదా.

గింప్‌కు ప్రత్యేకమైన కారణం మరొకటి ఉంది. ఇక్కడ ప్రతి లేయర్‌కూ తనదైన కొలత ఉంటుంది, దాని హద్దు పసుపు, నలుపు చుక్కల గీతగా కనిపిస్తుంది. ఎక్కడినుంచో ఒక చిన్న ముక్కను కాపీ చేసి అతికించినప్పుడు ఆ లేయర్ ఆ ముక్కంతే ఉంటుంది, హద్దు దాటి వేసిన గీత పడదు. లేయర్ మెనూలో లేయర్ టు ఇమేజ్ సైజ్ అనేది నొక్కితే హద్దు చిత్రమంత అవుతుంది.

ఇరేజర్ తెల్లగా మారడానికి కారణం పారదర్శకతను నమోదు చేసే ఆల్ఫా ఛానల్ లేకపోవడం. జేపెగ్‌లో పారదర్శకత అనేదే లేదు కాబట్టి, దానిని తెరిచినప్పుడు వచ్చే లేయర్‌కు ఆల్ఫా ఉండదు. చెరిపిన చోట ఖాళీ ఏర్పడే వీలు లేక బ్యాక్‌గ్రౌండ్ రంగు పడుతుంది. మీకు అది తెలుపు. లేయర్ మీద కుడి క్లిక్ చేసి యాడ్ ఆల్ఫా ఛానల్ ఎంచుకోండి. భద్రపరిచే సంగతి మీకే తెలిసింది కాబట్టి ఎక్కువ చెప్పను: గింప్ 2.8 నుంచి సేవ్ చేస్తే గింప్ సొంత ఫార్మాటైన ఎక్స్‌సీఎఫ్ మాత్రమే వస్తుంది, లేయర్లన్నీ అందులో భద్రంగా ఉంటాయి. జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్ చేయాలి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. బ్రష్ విషయంలో కారణం మిగిలిపోయిన సెలెక్షనే.

మొదటి జవాబులో చెప్పినట్లు నాలుగు లేయర్లతో మళ్ళీ మొదలుపెట్టాను. గింప్‌లో కర్వ్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ నాకు కనిపించలేదు కాబట్టి, అసలు స్కాన్‌ను డూప్లికేట్ చేసి, ఆ నకలు మీద కర్వ్స్‌తో వెలుగు పెంచి, నల్ల మాస్క్ పెట్టి, ముఖం మీద తెల్ల బ్రష్ వేశాను. ముఖం చక్కగా తేలింది. ఆ తరువాత కింద ఉన్న మరమ్మతు లేయర్‌లో ఆ ముఖం మీది మచ్చలను సరిచేస్తే, ఆ మరమ్మతు తెర మీద కనిపించనే లేదు. సరేనని మరమ్మతు లేయర్‌ను అన్నిటికంటే పైకి తెచ్చి, శాంపిల్ మెర్జ్‌డ్ (కనిపించే లేయర్లన్నిటి నుంచి పిక్సెల్‌లు తీసుకునే ఎంపిక) పెట్టి క్లోన్ చేశాను, అంటే ఒక చోటి పిక్సెల్‌లను తెచ్చి మరొక చోట అతికించాను. అప్పుడు బాగానే ఉంది, కానీ వెలుగు మరీ ఎక్కువైందని నకలు లేయర్ ఒపాసిటీని (కిందిదానిని ఎంత కప్పాలో చెప్పే శాతాన్ని) 60 శాతానికి తగ్గించేసరికి, మరమ్మతు చేసిన చోట్లన్నీ తెల్లని అతుకుల్లా బయటపడ్డాయి. వెలుగును తరువాత మార్చుకోవడానికే కదా వేరే లేయర్ పెట్టింది?

జవాబు 3

మీరు చేసినదానిలో తప్పు లేదు. మొదటి జవాబులోని సలహా ఫోటోషాప్‌కు సరిగ్గా సరిపోతుంది, గింప్‌లో నకలుతో చేసినప్పుడు మాత్రం ఒక చోట తిరగబడుతుంది. ఆ చోటు తెలిస్తే లేయర్ల క్రమం ఎందుకు ముఖ్యమో కూడా అర్థమవుతుంది.

అడ్జస్ట్‌మెంట్ లేయర్‌లో చిత్రం ఏమీ ఉండదు, ఒక సూచన మాత్రమే ఉంటుంది. కింద ఏది ఉంటే దానికి ఆ సూచన వర్తిస్తుంది. కింద మరమ్మతు మారితే ఫలితమూ వెంటనే మారుతుంది. మీరు చేసిన నకలు అలాంటిది కాదు, అది నిండా పిక్సెల్‌లున్న చిత్రం. మాస్క్ తెల్లగా ఉన్నచోట, అంటే ముఖం మీద, అది కింద ఉన్నదానిని పూర్తిగా కప్పేస్తుంది. అందుకే అడుగున చేసిన మరమ్మతు కనిపించలేదు. మరమ్మతును పైకి తెచ్చినప్పుడు క్లోన్ టూల్ అప్పటికే వెలుగు పెరిగిన పిక్సెల్‌లను తీసుకుని అతికించింది. ఆ వెలుగు అతుకులలో స్థిరపడిపోయింది. మీరు తరువాత నకలు ఒపాసిటీ తగ్గిస్తే చుట్టూ ఉన్న చర్మం తగ్గింది, అతుకులు తగ్గలేదు.

ఫోటోషాప్‌లోనూ ఈ ప్రమాదం లేకపోలేదు. అక్కడ మరమ్మతు లేయర్‌ను అడ్జస్ట్‌మెంట్ లేయర్ కింద ఉంచి, క్లోన్ టూల్‌కు కరెంట్ అండ్ బిలో (ఈ లేయర్, దాని కిందివి మాత్రమే) అని చెప్పడం అలవాటు చేసుకోవాలి. ఆల్ లేయర్స్ అని వదిలేస్తే కింది లేయర్‌లోకి వెలుగు పెరిగిన పిక్సెల్‌లు వచ్చి, వాటి మీద మళ్ళీ వెలుగు పెరుగుతుంది. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా మరమ్మతు అడుగున, వెలుగు నీడల సవరణ పైన అనే క్రమం పాటించడం మేలు. ఇల్లు కట్టేటప్పుడు గోడలకు ప్లాస్టరింగ్ చేసిన తరువాతే సున్నం వేస్తాం కదా.

మీకు రెండు దారులున్నాయి. మొదటిది మరమ్మతు అంతా పూర్తి చేసి, న్యూ ఫ్రమ్ విజిబుల్ ద్వారా కనిపిస్తున్న చిత్రమంతటినీ ఒక కొత్త లేయర్‌గా తీసుకుని, దాని మీద కర్వ్స్, మాస్క్ వేయడం. ఇది సులభమే, కానీ తరువాత ఇంకొక మచ్చ కనిపిస్తే మళ్ళీ మొదటి నుంచి చేయాలి.

నేను ఎంచుకునేది రెండవ దారి. మరమ్మతు లేయర్ల పైన ఒక ఖాళీ లేయర్ పెట్టి, దాని మోడ్‌ను సాఫ్ట్ లైట్‌గా మార్చండి. మెత్తటి అంచున్న తెల్ల బ్రష్‌ను తీసుకుని, ఒపాసిటీ 10 శాతం దగ్గర ఉంచి, నీడ ఉన్న చోట్ల కొద్దికొద్దిగా వేయండి. ఎక్కడైనా ముదురు కావాలంటే నల్ల బ్రష్ వేయండి. కొందరు ఈ లేయర్‌ను ముందుగా 50 శాతం బూడిద రంగుతో నింపుతారు. సాఫ్ట్ లైట్‌లో ఆ బూడిద రంగు చిత్రాన్ని మార్చదు కనుక అలా నింపినా నష్టం లేదు, వెలుగు, నీడ పెంచే డాడ్జ్, బర్న్ టూల్స్ వాడాలనుకునేవారికి అది అవసరం కూడా. బ్రష్‌తో అయితే ఖాళీ లేయరే చాలు. ఈ లేయర్‌లో ముఖం బొమ్మ లేదు, ఎక్కడ ఎంత వెలుగు కావాలన్న సమాచారమే ఉంది. అందువల్ల అది అడ్జస్ట్‌మెంట్ లేయర్‌లాగే ప్రవర్తిస్తుంది: కింద మరమ్మతు ఎన్నిసార్లు మార్చినా, పైన ఒపాసిటీ ఎంత తగ్గించినా అతుకులు బయటపడవు. మరమ్మతు చేసే సమయంలో మాత్రం ఈ లేయర్ కంటి గుర్తును ఆపివేయండి, లేకపోతే శాంపిల్ మెర్జ్‌డ్ దీనిని కూడా కలుపుకుని పిక్సెల్‌లను తీసుకుంటుంది.

2025లో వచ్చిన గింప్ 3.0లో చాలా ఫిల్టర్లను లేయర్‌కు తగిలించి, తరువాత మార్చుకునే వీలు వచ్చింది. మీ దగ్గర ఉన్నది అంతకు ముందుదైతే పైన చెప్పిన సాఫ్ట్ లైట్ పద్ధతి చాలు.

మరొక చిన్న మాట. మరమ్మతుకు ఖాళీ లేయర్ మీద క్లోన్ టూల్ బాగా నడుస్తుంది, ఎందుకంటే అది పిక్సెల్‌లను ఉన్నవి ఉన్నట్లు తెచ్చి పెడుతుంది. హీల్ టూల్ తెచ్చినదానిని అక్కడ అప్పటికే ఉన్న పిక్సెల్‌లతో కలపాలి కాబట్టి, గింప్‌లో దానిని ఖాళీ లేయర్ మీద కాక స్కాన్ నకలు మీద వాడటం నిశ్చింత.

జవాబు 4

పై జవాబుతో ఏకీభవిస్తూ, నకళ్ళు ఎక్కువ చేయకపోవడానికి మరొక కారణం చెబుతాను. 6000 × 4000 పిక్సెల్‌ల చిత్రంలో 2.4 కోట్ల పిక్సెల్‌లుంటాయి. ఒక్కొక్క రంగుకు 8 బిట్ల చొప్పున మూడు రంగులు, ఒక ఆల్ఫా కలిపితే పిక్సెల్‌కు 4 బైట్లు, అంటే ఒక నిండు నకలుకు సుమారు 9.6 కోట్ల బైట్లు కావాలి. 16 బిట్లకు మారితే అది రెట్టింపవుతుంది. మాస్క్‌కు ఒకే ఛానల్ ఉంటుంది కనుక అందులో నాలుగవ వంతు చాలు. పంతొమ్మిది నిండు లేయర్లు పెడితే కంప్యూటర్ నెమ్మదించినా ఆశ్చర్యం లేదు.

ఒపాసిటీ గురించి కూడా ఒక పొరపాటు చాలామంది చేస్తారు. 50 శాతం ఉన్న రెండు లేయర్లను ఒకదానిపై ఒకటి పెడితే 100 శాతం అవుతుందనుకుంటారు. మొదటిది సగం కప్పుతుంది, రెండవది మిగిలిన సగంలో సగం కప్పుతుంది, కాబట్టి మొత్తం 75 శాతమే. నలుపు మీద 50 శాతం తెలుపు ఒకసారి వేస్తే విలువ 128 దగ్గర, రెండవసారి వేస్తే 191 దగ్గర ఉంటుంది. తక్కువ ఒపాసిటీ బ్రష్‌తో పలుమార్లు వేసినప్పుడు మొదటి గీతలు ఎక్కువగా, తరువాతివి తక్కువగా పనిచేస్తున్నట్లు అనిపించడానికి కారణం ఇదే.

సాఫ్ట్ లైట్ పని మొదలుపెట్టే ముందు ఆ చీకటి ముఖం మీద కలర్ పికర్ పెట్టి విలువలు చూడండి. సాఫ్ట్ లైట్‌లో 0 ఎప్పుడూ 0గానే ఉంటుంది. అక్కడ అన్నీ సున్నాలే ఉంటే ఏ లేయరూ ఆ ముఖాన్ని తేలేదు, ఫోటోను మళ్ళీ స్కాన్ చేయవలసి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన

కలర్ పికర్‌తో చూశాను. ముఖం మీద విలువలు 18 నుంచి 45 వరకు ఉన్నాయి, కంటి గుంటలలో మాత్రం కొన్ని చోట్ల 0 వస్తోంది. సాఫ్ట్ లైట్ లేయర్‌తో చెంప, నుదురు వచ్చాయి, ఒపాసిటీని 60కి తగ్గించినా అతుకులు కనిపించడం లేదు. కళ్ళ కోసం ఈసారి స్కానర్‌లో వెలుగు కాస్త పెంచి, 16 బిట్లలో మళ్ళీ స్కాన్ చేస్తున్నాను. ఫోటో స్కానర్‌పై అదే చోట కూర్చుంటే పాత మరమ్మతు లేయర్లను కొత్త స్కాన్ మీదికి లాగి ఊరుకోవచ్చునా?

జవాబు 3 రాసినవారు

లాగవద్దు. ఫోటో రెండు పిక్సెల్‌లు జరిగినా అతుకు అంచులు తేడాగా కనిపిస్తాయి, పైగా కొత్త స్కాన్‌లో గోడ వెలుగు కూడా మారి ఉంటుంది. పాత స్కాన్‌నే అడుగున ఉంచి, కొత్త స్కాన్‌ను మరమ్మతు లేయర్ల కింద, పాత స్కాన్ పైన చేర్చండి. ఒపాసిటీని సగానికి తగ్గించి మూవ్ టూల్‌తో కళ్ళు కళ్ళకు కలిసేలా జరిపి, తిరిగి 100కు పెంచండి. తరువాత దానికి నల్ల మాస్క్ వేసి, ఆ రెండు కంటి గుంటల మీద మాత్రం మెత్తటి తెల్ల బ్రష్ వేయండి. వెలుగులో తేడా మిగిలితే ఆ కొత్త స్కాన్ లేయర్‌కే కర్వ్స్ వేసి చుట్టూ ఉన్న చర్మానికి సరిపోల్చండి; అక్కడ కొత్త మచ్చ ఏదైనా బయటపడితే పైన ఉన్న మరమ్మతు లేయర్‌లోనే దానిని సరిచేయవచ్చు.